పప్పు నానబెట్టడం మర్చిపోయారా?

జులై 4, శుక్రవారం

పేపర్లో ప్రకటన చూసి ఎవరైనా నిజంగా కొట్టుకి వస్తారా? లేకపోతే ఎలాగూ వచ్చేవాళ్ళే వస్తే, మనం పెద్ద అక్షరాల్లో వేసిన మాట వల్లే వచ్చారని మనమే అనుకుంటామా? ఏళ్ళ తరబడి ఇదే అనుమానం. తెనాలిలో ప్రకటనలు రాసి బతికే మనిషి పైకి అడగకూడని ప్రశ్న. పెళ్ళయిన కొత్తలో ఒకసారి రఫీని అడిగాను. "వచ్చారుగా, ఇంకేంటి?" అన్నాడు. మా ఆఫీసులో పేజీ పెట్టడం అతని పని, మాట పెట్టడం నా పని. అనుమానాల శాఖ కూడా నాకే వచ్చింది.

బాపట్ల నుంచి ప్రకాశరావు గారు మళ్ళీ ఫోన్ చేశారు.

"అమ్మాయ్ షాహీనా, ఇవాళ కూడా ఒకాయన దండ తెచ్చాడు."

"క్షమించండి బాబాయ్ గారూ."

"పాపం కర్లపాలెం నుంచి వచ్చాడమ్మా. ఎదురుగా నేను కూర్చుని ఉంటే ఆ దండ ఏం చెయ్యాలో తోచలేదు. మా మేనేజర్ మెళ్ళో వేసి వెళ్ళిపోయాడు."

ఆయన మంచాల కొట్టుకి ముప్పై ఏళ్ళు నిండాయి. ప్రకటన మీ ఇష్టం అన్నారు. ఎన్నాళ్ళ నుంచో ఆ మాట కోసం కాచుకుని ఉన్నాను. చుట్టూ బోలెడంత తెలుపు వదిలాను. మధ్యలో ఆయన ఫోటో ఒక్కటే. చుట్టూ సన్నటి నల్ల గీత. కింద 'ముప్పై ఏళ్ళ నమ్మకం' అని ఒక్క మాట. ధరలు లేవు, నక్షత్రాలు లేవు. ఎంత హుందాగా వచ్చిందో! అత్తమ్మకి చూపించాను. ఆవిడకి ఉర్దూ తప్ప తెలుగు చదవడం రాదు, బొమ్మ మాత్రమే చూస్తుంది. నాలిక చప్పరించి, "అయ్యో, ఎప్పుడు పోయాడు?" అంది.

నవ్వాను. మర్నాడు బాపట్ల బాపట్లంతా అదే అడిగింది.

జిల్లా పేజీలో ఒక్క మొహం, చుట్టూ నల్లగీత కనిపిస్తే దానికి అర్థం ఒక్కటే. రోజూ అదే పేజీ తిరగేసే నాకు ఎందుకు తట్టలేదు?

ఆయనకి కోపం మాత్రం రాలేదు. "రెండ్రోజులు జనం బాగానే వచ్చారమ్మా, కొన్నవాళ్ళే లేరు" అన్నారు. పైగా రేపల్లెలో ఉన్న మేనకోడలు కొట్టు పెడుతోందని, దాని ప్రకటన కూడా నాకే ఇప్పిస్తానని అన్నారు. ఇది దయో, పగ తీర్చుకోవడమో తెలియడం లేదు.

జులై 7, సోమవారం

ఆ మేనకోడలు వచ్చింది. లక్ష్మీదుర్గ. ముప్పై అయిదుంటాయేమో. ప్రైవేటు స్కూల్లో సోషల్ చెప్పి చెప్పి విసుగొచ్చి మానేసిందట. దోసెల పిండి, ఇడ్లీ పిండి, గారెల పిండి అమ్మే కొట్టు పెడుతోంది. పెద్ద గ్రైండర్ కొనేసింది. గది వాళ్ళన్నయ్య వినయ్ కుమార్‌ది, స్టేషన్ రోడ్డులో.

"శ్రావణం వెళ్ళేదాకా టైమిచ్చాడక్కా. ఆలోపు బేరం కుదురుకోకపోతే గది వాళ్ళ బావమరిది శ్రీకర్‌కి. సెల్‌ఫోన్ల షాపట."

"మాట వరసకి అన్నాడేమోలే."

"మాట వరసకేంటక్కా! వదిన వాళ్ళమ్మ శకుంతలమ్మగారు మొన్నొచ్చి టేపు పెట్టి కొలుచుకుని మరీ వెళ్ళింది. నా గ్రైండర్ అడ్డమొస్తోందని పక్కకి జరపమంది."

నవ్వుతూనే చెప్పింది కానీ, చెబుతున్నంతసేపూ చున్నీ కొస వేలికి చుడుతూనే ఉంది. మళ్ళీ స్కూలుకి వెళ్ళి అడగడం తనకి చావుతో సమానమట.

"నీ కొట్టుకి ఎవరొస్తారనుకుంటున్నావు?" అని అడిగాను. అందర్నీ అడుగుతాను ఇది. అందరూ 'అన్ని వర్గాల ప్రజలూ' అంటారు.

దుర్గ ఆలోచించి, "రాత్రి పప్పు నానబెట్టడం మర్చిపోయినవాళ్ళు" అంది.

పెన్ను అక్కడే ఆగిపోయింది. పొద్దున్నే పేపరు చేతికొచ్చేసరికి వంటింట్లో ఖాళీ గిన్నె ఎదురుగా ఉంటుంది. పిల్లల బస్సు ఇంకో గంటలో వస్తుంది. అప్పుడు జిల్లా పేజీలో ఎవరో అడుగుతారు:

పప్పు నానబెట్టడం మర్చిపోయారా?

ఇంతకన్నా మంచి శీర్షిక ఈ జన్మలో రాయను. (ఇదే మాట బాపట్ల ప్రకటనప్పుడు కూడా రాసుకున్నాను. వెనక్కి తిప్పి చూశాను.)

జులై 8, మంగళవారం

పావు పేజీ. పైన అరచెయ్యంత శీర్షిక, కింద ఖాళీ గిన్నె బొమ్మ, దుర్గ పిండి కొట్టు, ఫోన్ నంబరు. ఇంకేం లేదు. నల్లగీత అసలే లేదు.

అత్తమ్మకి చూపించాను.

"ఎవరూ పోలేదు కదా?"

"పోలేదత్తమ్మా."

"మరి గిన్నె ఖాళీగా ఉందేం?"

చాలు. ఆ ప్రశ్న పుట్టిందంటే ప్రకటన పనిచేస్తున్నట్టే.

జులై 10, గురువారం

ప్రకాశరావు గారు: "మేనమామని. నా ఫోటో లేకపోతే ఎలాగమ్మా?"

"పిండి ప్రకటనలో మీ ఫోటో ఎందుకు బాబాయ్ గారూ?"

"నేను బతికున్నానని రేపల్లె వాళ్ళకీ తెలియాలి కదా! ఈసారి ఒంటరిగా వెయ్యకు. రంగుల్లో వెయ్యి. పళ్ళు కనపడేలా నవ్వుతున్న ఫోటో పంపిస్తా."

ఏమని కాదంటాను? చంపింది నేనే.

మూలకి వేశాం. శీర్షిక కొద్దిగా తగ్గింది. కొద్దిగానే.

జులై 12, శనివారం

వడ్లమూడి దగ్గర ఒక కాలేజీ వాళ్ళు ఆగస్టు మొదట్లో పిల్లలకి ఒక ప్రసంగం ఇవ్వమన్నారు. 'పత్రికా ప్రకటనల శీర్షికల్లో సాధారణంగా దొర్లే తప్పులు.' ఎమ్మే చదివేటప్పుడు యూనివర్సిటీలో సెమినార్లంటే ఏదో వంక చెప్పి ఎగ్గొట్టేదాన్ని. ఇప్పుడు ఒప్పుకున్నాక ఎగ్గొట్టడం కుదరదు.

ముందుగా నోట్సు. కొట్టు పేరునే శీర్షికగా పెట్టుకోవడం. పేరు ఎవరికి కావాలి, తనకేంటో కావాలి చదివేవాడికి. ప్రతి మాటా పెద్దక్షరాల్లో వెయ్యడం. అందరూ ఒకేసారి అరిస్తే ఎవరి మాటా వినపడదు. 'చరిత్రలో మొట్టమొదటిసారిగా' అనడం, ఎవరి చరిత్ర? బొమ్మ మీదే అక్షరాలు వెయ్యడం. బొమ్మకీ శీర్షికకీ పొంతన లేకపోవడం. చదివేవాడు దగ్గరగా ఉన్న రెండింటినీ కలిపే చదువుతాడు.

ఈ చివరిది బాగా వచ్చింది. కింద గీత గీశాను.

జులై 14, సోమవారం

వినయ్ కుమార్ ఫోన్. గొంతు మర్యాదగానే ఉంది.

"మేడమ్, మా మావయ్య ఫోటో వేశారటగా. గది నాది. మరి నా సంగతి?"

మేనమామ ఉండి సొంత అన్నయ్య లేకపోతే ఊళ్ళో ఏదో గొడవ అనుకుంటారట. నిజమే, అనుకుంటారు. వేశాం. అన్నయ్య ఉండి వదిన లేకపోతే? మాధురి గారినీ వేశాం.

"ఇంకో మాట మేడమ్. పైన ఏదో ప్రశ్న ఉంది. ప్రశ్నతో మొదలెడితే అశుభం. 'శుభవార్త' అని మూడుసార్లు వెయ్యండి."

మూడు కుదరదన్నాను. బేరమాడి ఒకదానికి దిగాం. రఫీ వెంటనే ఒక మూల ఎర్ర నక్షత్రం పేల్చి అందులో 'శుభవార్త' అని పెట్టాడు. నక్షత్రం లేని ప్రకటన అతని దృష్టిలో ఉప్పు లేని కూర.

జులై 15

కారంచేడు నుంచి పెదనాన్న వీరాస్వామి గారి ఫోటో. గుర్రం మీద కూర్చుని ఉన్నారు. గుర్రాన్ని కత్తిరించాం.

జులై 17, గురువారం

ఆషాఢంలో పెళ్ళిళ్ళు లేవు, గృహప్రవేశాలు లేవు. ఈ కుటుంబంలో ఎవరికీ వేరే పనే ఉన్నట్టు లేదు. రోజూ ఫోటోలే. చీరాల పిన్ని, బాబాయి. బాబాయి ఉన్నాడని బాబాయి తమ్ముడు. తోడల్లుళ్ళిద్దరిలో ఒకరి ఫోటో వెంట్రుకవాసి పెద్దగా ఉందని రెండో ఆయన స్కేలు పెట్టి కొలిచాడట.

దుర్గ ఫోన్ చేసి ఏడ్చినంత పని చేసింది. "ఏం చెయ్యనక్కా, కాదంటే ఓపెనింగ్‌కి రారు. రాకపోతే వాళ్ళిళ్ళల్లో ఒక్కళ్ళు కూడా పిండి కొనరు. శకుంతలమ్మగారికి కావలసింది అదేగా!"

"శీర్షిక మాత్రం ఉంటుంది దుర్గా. దాని మీద మాత్రం ఒక్క మొహం కూడా పడనివ్వను."

ఖాళీ గిన్నె బొమ్మ తీసేశాం. శీర్షిక అగ్గిపెట్టె అంత అయింది. దాని పైన కాస్త తెలుపు మిగిలింది, పెద్ద బొట్టుబిళ్ళంత. దాన్ని కాపాడుతున్నాను.

జులై 19, శనివారం

తెలుపు ఇంకా ఉంది.

జులై 23, బుధవారం

రేపే పేజీ పంపాలి. ఎల్లుండి శ్రావణ శుక్రవారం, ఓపెనింగ్. అన్నీ సర్దేసి టీ తాగుతుంటే చివరి ఫోటో వచ్చింది. శకుంతలమ్మగారిది. రేపు అమావాస్య కాబట్టి ఇవాళే పంపించారట. తన పేరుకి ముందు 'శ్రీమతి' ఉండాలని కబురు.

ఆధార్ కోసం తీయించుకున్న ఫోటోలా ఉంది. తలకాయ నిటారు. కనుబొమలు రెండూ కలిసిపోయాయి. సూటిగా చదివేవాడి మొహంలోకే చూస్తోంది.

చోటు ఒక్కటే ఉంది. శీర్షిక నెత్తిన ఉన్న ఆ తెలుపు.

"వీరాస్వామి గారిని కాస్త జరిపితే ఆయన పక్కన పడుతుంది" అన్నాడు రఫీ.

"అక్కడ ఫోన్ నంబరుకి ఊపిరాడదు."

"ఆడుతుంది."

"ఆడదు. పైనే పెట్టు."

ఇంకెక్కడా చోటు లేదు.

జులై 24, గురువారం

పంపే ముందు అత్తమ్మకి చూపించాను. ఇన్ని మొహాలు చూసి పెళ్ళా అని అడుగుతుందనుకున్నాను. శకుంతలమ్మగారి ఫోటో మీద వేలు పెట్టి, "ఈ అమ్మ ఎవర్ని తిడుతోంది?" అంది.

దుర్గకీ ఫోన్లో పంపించాను. "అక్కా, ఆవిడ ఫోటో అక్కడ కొంచెం..." అని ఆగింది.

"ఇంకెక్కడా చోటు లేదు దుర్గా."

పంపేశాం. నిజంగానే చోటు లేదు.

జులై 25, శుక్రవారం

ఓపెనింగ్ బాగా జరిగిందట. ఫోటోలు పడ్డవాళ్ళంతా వచ్చి తలా ఒక కవరు పిండి పట్టుకెళ్ళారు. మధ్యాహ్నానికి నా ఫోన్‌కి ఒక బొమ్మ వచ్చింది. మా ప్రకటనలోంచి ఎవరో కత్తిరించారు. శకుంతలమ్మగారి మొహం, కింద 'పప్పు నానబెట్టడం మర్చిపోయారా?' అంతే. మిగతా చుట్టాలంతా కత్తెర పాలయ్యారు.

సాయంత్రానికి అదే బొమ్మ నాకు నలుగురు పంపారు. అందులో ఒకరికి ఆ ప్రకటన నేనే వేశానని కూడా తెలియదు.

ఎన్నో ఏళ్ళ నుంచి నేను కలగన్నది ఇదే. పరిగెత్తే శీర్షిక. సంతోషంగా ఉందా? ఉంది. లేదు. ఉంది.

జులై 27, ఆదివారం

వినయ్ కుమార్: "మా అత్తగారు అన్నం మానేశారు మేడమ్. కోడళ్ళ గ్రూపులన్నిట్లో రాత్రి తొమ్మిదయ్యేసరికి ఆవిడ ఫోటో పెడుతున్నారు. గుడికి వెళ్తే పూజారి గారు తీర్థం పోస్తూ 'నానబెట్టామమ్మా' అన్నారట. నేనిక దుర్గకి ఏం సాయం చెయ్యలేను. శ్రావణం వెళ్ళేదాకా కూడా ఆగేట్టు లేరు ఈవిడ."

కావాలని చెయ్యలేదని చెప్పాను. "కావాలని చేశారని నేననలేదుగా మేడమ్" అన్నాడు.

అనలేదు. మరి నేనెందుకు చెప్పాను?

జులై 29, మంగళవారం

"కొట్టెలా ఉంది దుర్గా?"

"ఈగలు తోలుతున్నానక్కా. అవీ రావడం మానేశాయి."

"ప్రకటన ఊరంతా తిరుగుతోందిగా!"

"అదే వచ్చింది చిక్కు. రాత్రి కాగానే అందరికీ ఆ ఫోటో వస్తోంది. అందరూ లేచి నానబెట్టుకుంటున్నారు. ఊళ్ళో ఒక్కళ్ళు కూడా మర్చిపోవడం లేదక్కా! ఇంక నా దగ్గర ఎవరు కొంటారు?"

ఫోన్ పెట్టేశాను. మర్చిపోయినవాళ్ళ కోసం రాశాను. గుర్తు చేసేశాను. మందు అమ్మబోయి జబ్బు నయం చేశాను.

రఫీ వెంటనే నవ్వేశాడు. తర్వాత నా మొహం చూసి ఆపేశాడు. తర్వాత పక్క గదిలోకి వెళ్ళి మళ్ళీ నవ్వాడు.

జులై 30, బుధవారం

రేపల్లె బండెక్కాను. శకుంతలమ్మగారి కాళ్ళో చేతులో పట్టుకుందామని. వాళ్ళింటికి వెళ్ళక్కర్లేకపోయింది. ఆవిడే కొట్లో ఉంది, టేపుతో. ఫోటోలో కన్నా పొట్టి. కనుబొమలు మాత్రం అవే.

"నువ్వేనా ఆ పేపరమ్మాయివి?"

"నేనేనండి."

"నా ఫోటో కింద ఆ మాట ఎందుకు రాశావు?"

"మాట ముందే ఉందండి. మీ ఫోటో తర్వాత వచ్చింది."

"అంటే తప్పు నా ఫోటోదా?"

"కాదండి. చోటు లేక..."

"ఆ కారంచేడు పెద్దాయన పక్కన అరచెయ్యంత చోటుంది. నేను కళ్ళజోడు పెట్టుకునే చూశాను."

దుర్గ గ్రైండర్ తుడుస్తున్నట్టు అటు తిరిగింది. భుజాలు కదులుతున్నాయి.

"ఊరందరికీ నేనేమన్నా అత్తగారినా? నా సొంత కోడలు నా వెనక ఆ ఫోటో పెట్టుకుంది, ఫోను తెరమీద. అలారం మోగితే నా మొహం వస్తుంది."

అంతలో ఒకావిడ స్కూటీ ఆపి లోపలికొచ్చింది. పిండి కవర్ల వైపు చూడనైనా చూడలేదు. "అమ్మా, మీరేనా! ఒక్క సెల్ఫీ అండి. మిమ్మల్ని చూశాక మా ఇంట్లో రోజూ నానబెట్టడమేనండి. మా ఆయన కూడా నానబెడుతున్నారండి!" ఫోటో తీసుకుని, దణ్ణం పెట్టి వెళ్ళిపోయింది. ఏమీ కొనలేదు.

శకుంతలమ్మగారు కొంగు సర్దుకుంది. కోపం ఎక్కడికీ పోలేదు, కానీ దాని పక్కన ఇంకోటేదో వచ్చి కూర్చుంది.

"మొగాడు కూడానట" అంది, ఎవరితోనో తెలియకుండా. తర్వాత నా వైపు తిరిగింది. "నానబెట్టడం కూడా ఒక గొప్పేనా? నీళ్ళు పోసి పడుకోవడమేగా. రుబ్బేటప్పుడు కదా నడుం పడిపోయేది. చదువుకున్నదానివి, అది రాయవేం?"

"నిజమేనండి."

"ఏంటి నిజం! అన్నిటికీ నిజమేనండి, నిజమేనండి. నీకంటూ ఒక మాట లేదా?"

ఆవిడ టేపు చుట్టుకుని వెళ్ళిపోయింది. గది కొలిచినట్టు లేదు.

తిరుగు బండిలో అనుకున్నాను, ఆవిడన్నది రాసుకోవాలని. వేమూరు దాటేసరికి అది శీర్షికగా పనికొస్తుందా రాదా అని అనుమానం పట్టుకుంది. తెనాలిలో దిగేసరికి పనికిరాదని తేల్చాను. మా వీధిలోకి వచ్చేసరికి మళ్ళీ మొదటికొచ్చాను.

ఆగస్టు 2, శనివారం

వడ్లమూడి. పిల్లలు బుద్ధిగా విన్నారు. బాపట్ల దండల కథ చెబితే పడీ పడీ నవ్వారు. బొమ్మకీ శీర్షికకీ పొంతన ఉండాలన్నప్పుడు వెనక బల్లలోంచి ఒకమ్మాయి ఫోన్ ఎత్తి చూపించింది. "మేడమ్, ఇలాగా?" శకుంతలమ్మగారు.

"ఇలా కాదు" అన్నాను. "ఇది చాలా పెద్ద తప్పు."

"కానీ మేడమ్, ఇది అందరికీ గుర్తుందిగా?"

"గుర్తుండటం వేరు, కొనడం వేరు."

"మరి శీర్షిక వల్లే కొన్నారని ఎలా తెలుస్తుంది మేడమ్?"

నీళ్ళు తాగాను. మంచి ప్రశ్న అన్నాను. టైం అయిపోయిందన్నాను. అయిపోలేదు.

ఆగస్టు 4, సోమవారం

దుర్గ ఎవర్నీ అడక్కుండా కొట్టు ముందు నల్లబల్ల పెట్టి, చాక్‌పీసుతో రాసిందట: 'మీరు నానబెట్టిన పప్పు తెండి, రుబ్బి ఇస్తాం.' ఫోటో పంపించింది. స్కూలు టీచరు చేతిరాత, గుండ్రంగా. శీర్షిక లేదు, నక్షత్రం లేదు, మొహాలు లేవు. అడుగున తేదీ కూడా వేసింది, అలవాటు కొద్దీ.

నాకు చెబితే ఆ మాటని ఇంకో నాలుగు రకాలుగా మార్చి, నాలుగూ బాగాలేవని ఉండేదాన్ని.

ఆగస్టు 8, శుక్రవారం

వరలక్ష్మీ వ్రతం. పొద్దున్నే బండెక్కి వెళ్ళాను. ఎందుకు వెళ్ళానంటే, ఏమో. చూద్దామని.

స్టేషన్ రోడ్డు మీదికి వరస. స్టీలు గిన్నెలు, క్యారేజీ డబ్బాలు, ఒకాయన ఏకంగా బకెట్టు. అన్నిట్లో నానిన మినప్పప్పు. గ్రైండర్ ఆగడం లేదు. దుర్గ చెంపలకి పిండి. కొట్టు మధ్యలో కుర్చీ వేసుకుని, ఎవరి గిన్నె తర్వాత ఎవరిదో చెబుతూ శకుంతలమ్మగారు.

"ఏంటమ్మా ఇది, రాత్రి నానబెట్టింది కాదు, పొద్దున నానబెట్టావు. గారె రాయిలా వస్తుంది. పక్కకి పెట్టు, ఇంకాస్త నాననీ."

"సరేనండి" అంది ఆ అమ్మాయి భయంగా.

నన్ను చూసి, "వచ్చావా? వరసలో నిలబడు" అంది.

నిలబడ్డాను. ఇంత మంచి అవకాశం మళ్ళీ రాదని ముందున్నవాళ్ళనీ వెనకున్నవాళ్ళనీ అడిగాను. ఈ కొట్టు సంగతి మీకెలా తెలిసింది?

"ఎలా తెలియడమేంటమ్మా, మా చిన్నాన్న ఫోటో పడిందిగా."

"మాది ఎదురిల్లేనండి."

"మా గ్రైండర్ కాలిపోయింది."

"ఈవిడగారిని చూద్దామని."

"వ్రతం కదండీ. ఇవాళ ఎవరు తెరిచినా వస్తాం."

ఆ బకెట్టాయన మాత్రం, "పేపర్లో చూశానండి" అన్నాడు.

"పేపర్లో ఏం చూశారు అన్నయ్యా?"

"అదేనండి, ఎర్ర నక్షత్రం. అందులో 'శుభవార్త' అని ఉందిగా."

రఫీకి చెప్పకూడదు.

(చెప్పేశాను. ఇప్పుడు ప్రతి పనిలోనూ రెండేసి నక్షత్రాలు పెడుతున్నాడు.)

ఆగస్టు 15

సెలవు. ఏమీ రాయబుద్ధి కాలేదు. ఆ పేజీ మళ్ళీ తెరిచి చూశాను. వీరాస్వామి గారి పక్కన చోటుంది. అరచెయ్యంత కాదు. కానీ ఉంది.

ఆగస్టు 24, ఆదివారం

నిన్నటితో శ్రావణం వెళ్ళింది. దుర్గ ఫోన్ కోసం పొద్దుటి నుంచీ చూస్తున్నాను. టిఫిన్ల వేళ దాటాక చేసింది.

"ఏమన్నాడు మీ అన్నయ్య?"

"అన్నయ్యేమనలేదక్కా. ఆవిడే అంది."

"ఏమని?"

"'శ్రీకర్‌కి బస్టాండు దగ్గర చూడండి. ఇక్కడ నాకు పనుంది' అని." దుర్గ నవ్వుతోంది. "కుర్చీకి మెత్త కూడా తెచ్చుకుందక్కా. కాకపోతే ఇంకా నన్ను గ్రైండర్ జరపమనే అంటోంది."

పిండి కవర్లు ఇప్పటికీ పెద్దగా పోవట. రుబ్బించుకునేవాళ్ళే ఎక్కువ. నేను ప్రకటన వేసింది పిండి అమ్మడానికి. నడుస్తున్నది వేరే కొట్టు.

దుర్గ పెట్టేయగానే ప్రకాశరావు గారు చేశారు.

"అమ్మాయ్, అంతమందిలో నా ఫోటో ఎవరి కంటికీ ఆనలేదు. మొన్న నిజాంపట్నం నుంచి ఒకాయన వచ్చాడు."

"దండతోనా బాబాయ్ గారూ?"

"దండతోనే. ఇలా కాదు గానీ, చవితికి నాదొక్కడిదే పెద్దగా వేసెయ్యి."

"ఒంటరిగానా? మళ్ళీనా?"

"ఒంటరిగానే. కానీ చేతిలో పేపరు పట్టుకుంటా, ఆ వారంది. తేదీ కనపడేలా."

వద్దని చెప్పాలి. అది తప్పుల్లోకెల్లా తప్పని నా నోట్సులోనే చేర్చుకోవచ్చు. కానీ అత్తమ్మ చూస్తే ఏమంటుందో ముందు తెలుసుకోవాలని ఉంది.

ఇక ఆ పాత ప్రశ్న. దుర్గ కొట్టు నిలబడింది, అది ఖాయం. శీర్షిక నిలబెట్టిందా, శకుంతలమ్మగారి కనుబొమలా, చుట్టాల మొహాలా, వ్రతమా, నల్లబల్లా, రఫీ నక్షత్రమా? నాకు తెలియదు. ఇన్నేళ్ళ తర్వాత, ఇంత దగ్గర నుంచి చూసి కూడా తెలియదు. ఆ ఫోటోని అక్కడ చోటు లేకే పెట్టానా? దుర్గ గదిని టేపు పెట్టి కొలిచినావిడ మీద నాక్కూడా కొంచెం కోపం ఉందా? అదీ తేల్చుకోలేకపోతున్నాను. ఒక రోజు లేదనిపిస్తుంది, ఒక రోజు ఉందనిపిస్తుంది. ఇవాళ ఆదివారం కాబట్టి లేదనుకుంటున్నాను.

దీపాలు పెట్టే వేళకి వంటింట్లోకి వెళ్ళి మినప్పప్పు నానబోశాను. నేను రాసిన మాట గుర్తొచ్చి పోశానో, ఆవిడ మొహం గుర్తొచ్చి పోశానో చెప్పలేను.